జాంజన్‌బురేలో రెండు రోజులు

పశ్చిమాఫ్రికాలోని గాంబియా మ్యాప్ మొదటిసారి చూసినప్పుడు నవ్వొచ్చింది. ఏటికి అటు కాస్త, ఇటు కాస్త నేల. అంతే దేశం. ఒకవైపు సముద్రం, మిగతా చుట్టూ సెనెగల్. రాజధాని బంజుల్ నుంచి సుమారు 300 కిలోమీటర్లు లోపలికి వెళ్తే, ఏటి మధ్య దీవిలో జాంజన్‌బురే ఉంటుంది. ఇంగ్లీషువాళ్లు తమ రాజు పేరిట జార్జ్‌టౌన్ అన్నారు. 1995లో పాత పేరు తిరిగొచ్చింది.

దక్షిణం వైపు వంతెన ఉంది కాబట్టి దీవిలోకి వచ్చినట్టే తెలియలేదు. సాయంత్రం రేవులో కూర్చుంటే తెలిసింది. నీళ్లలో ఒక మామిడాకు తేలుతూ పోతోంది, అదీ ఎగువకి! కళ్లు నులుముకున్నాను. పక్కనున్న పడవాయన నవ్వి, సముద్రపు పోటు అన్నాడు. అంత దూరం నుంచి పోటు వస్తుంది కానీ ఉప్పు రాదు. ఆ మంచినీళ్ల పుణ్యమే చుట్టుపక్కల వరిచేలు.

మర్నాడు ఒక కుర్రాడు 'బానిసల ఇల్లు' చూపిస్తానని వెంటపడ్డాడు. రేవు పక్కన పాడుబడ్డ రాతి కట్టడం, కింద చీకటి గది. ఇక్కడే గొలుసులు వేసి ఉంచేవారని గొంతు తగ్గించి చెప్పాడు. నాకు మాత్రం లెక్క కుదరలేదు. బ్రిటన్ బానిస వ్యాపారాన్ని 1807లోనే నిషేధించింది. కెప్టెన్ అలెగ్జాండర్ గ్రాంట్ ఈ దీవిలో స్థావరం పెట్టింది 1823లో, ఆ వ్యాపారాన్ని ఆపడానికి (తమ సరుకుల వ్యాపారం పెంచుకోవడానికి కూడా అనుకోండి). ఆ తర్వాత బానిసత్వం నుంచి విడిపించిన ఆఫ్రికన్లను తెచ్చి ఇక్కడ కాపురం పెట్టించారు. ఈ భవనం అంతకన్నా చాలా తర్వాతిది. అలాగని కుర్రాడిది అబద్ధమనీ అనలేను. అంతకుముందు శతాబ్దాల పాటు ఈ ఏటి మీదుగానే మనుషుల్ని సముద్రానికి తరలించారు. ఆ జ్ఞాపకానికి ఒక గోడ కావాలి, ఇది దొరికింది. అడిగినంతా ఇచ్చేశాను.

బానిసల తర్వాత వంతు వేరుశనగది. రేవులోని పాత గోదాములు ఆ వ్యాపారం నాటివే. మధ్యాహ్నం దొమోదా పెట్టారు. వేరుశనగ ముద్దతో చిక్కగా ఉడికించిన మాంసం పులుసు, అన్నంలోకి. అనంతపురంవాణ్ణి, శెనక్కాయల చట్నీతో పెరిగినవాణ్ణి, రెండోసారి అడిగి వేయించుకున్నాను.

భోజనమయ్యాక అత్తాయా. బొగ్గుల కుంపటి మీద గ్రీన్ టీ మరిగించి, ఈ చిన్న గ్లాసులోంచి ఆ గ్లాసులోకి, మళ్లీ ఇందులోకి, నురగ కట్టేదాకా పోస్తూనే ఉంటారు. మొదటి వాయి చేదు. మూడో వాయి తియ్యగా వచ్చేసరికి గంట దాటింది. టైమ్ చూసుకున్నది నేనొక్కడినే.

తిరుగు ప్రయాణం రోజు పొద్దున్నే రేవుకి వెళ్లి చూశాను. ఏరు బుద్ధిగా సముద్రం వైపు పోతోంది. నేనెక్కిన వ్యాను మాత్రం కదల్లేదు. ఇంకా నాలుగు సీట్లు నిండాలట.