స్క్రూ తిప్పే ముందు ప్లగ్ విప్పండి

బండి స్టార్ట్ కాకపోయినా, ఐడిలింగ్‌లో (యాక్సిలరేటర్ వదిలేసినప్పుడు) నిలవకపోయినా చాలామంది చెయ్యి నేరుగా, పెట్రోల్‌ని గాలితో కలిపే కార్బురేటర్ స్క్రూల మీదికే పోతుంది. తిప్పాక ఉన్న లోపం అలాగే ఉంటుంది, కొత్తగా సెట్టింగ్ కూడా చెడుతుంది. ముందు బండి ఎప్పుడు మొరాయిస్తోందో చూడండి. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడా, బాగా వేడెక్కాకా, చోక్ తియ్యగానేనా, యాక్సిలరేటర్ వదిలినప్పుడా? సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

సెల్ఫ్ కొడితే ఇంజన్ తిరగడమే లేదంటే కార్బురేటర్‌తో పని లేదు. ఇంజన్ ఆపే కిల్ స్విచ్, సైడ్ స్టాండ్ స్విచ్, క్లచ్ స్విచ్ చూడండి (కిల్ స్విచ్ మాట ఎత్తితే నవ్వుతారు గానీ, చూడాల్సిందే). తర్వాత బ్యాటరీ. ఫుల్ ఛార్జ్‌లో ఉన్న బ్యాటరీ ఊరికే ఉన్నప్పుడు 12.6 వోల్టుల దాకా చూపిస్తుంది. సెల్ఫ్ నొక్కినప్పుడు 10 వోల్టుల కిందికి పడిపోతుంటే బ్యాటరీ అయిపోయింది, లేదా టెర్మినళ్లు వదులయ్యాయి, చిలుము పట్టాయి.

ఇంజన్ తిరుగుతోంది కానీ అంటుకోవట్లేదా? నాలుగైదు కిక్కులు కొట్టి వెంటనే స్పార్క్ ప్లగ్ విప్పండి. పొడిగా ఉంటే పెట్రోల్ లోపలికి రావట్లేదు. తడిగా ఉంటే పెట్రోల్ వస్తోంది, స్పార్క్ లేదు, లేదా ఇంజన్ ఓవర్‌ఫ్లో అయింది. ఎండిన నల్లటి మసి పడితే పెట్రోల్ ఎక్కువ, గాలి తక్కువ. జిడ్డుగా నల్లగా ఉంటే ఇంజన్ ఆయిల్ పైకొస్తోంది, అంటే పిస్టన్ రింగులు గానీ వాల్వ్ సీళ్లు గానీ పోయాయి. తెల్లగా కాలినట్టుంటే పెట్రోల్ చాలట్లేదు, లేదా ఎక్కడి నుంచో దొంగగాలి పీలుస్తోంది.

స్పార్క్ చూడాలంటే ప్లగ్‌ని క్యాప్‌లో పెట్టి, దాని లోహభాగాన్ని సిలిండర్ హెడ్‌కి గట్టిగా ఆనించి కిక్ కొట్టండి. ప్లగ్ రంధ్రానికి దూరంగా ఆనించాలి, అందులోంచి పెట్రోల్ ఆవిరి వస్తుంది, అంటుకోవచ్చు. ప్లగ్ ఆనించకుండా వైరు గాల్లో వేలాడదీసి కిక్ కొడితే ఇగ్నిషన్ కాయిల్, సీడీఐ (స్పార్క్‌ని నడిపించే ఎలక్ట్రానిక్ పెట్టె) దెబ్బతినే ప్రమాదం ఉంది. టప్‌మని నీలంగా పడాలి. ఎర్రగా, సన్నగా పడుతుంటే కొత్త ప్లగ్ వేసి చూడండి. గ్యాప్ చాలా బండ్లకి 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్లు, మీ బండి మాన్యువల్‌లో ఉన్నదే ఫైనల్. అప్పటికీ మారకపోతే క్యాప్ విప్పి, హెచ్‌టీ వైరు (కాయిల్ నుంచి ప్లగ్‌కి వచ్చే లావు వైరు) చివర అర సెంటీమీటరు కోసి, మళ్లీ బిగించండి. లోపల తీగ చివర చిలుము పట్టడం మామూలే.

చోక్ వేస్తే నడుస్తూ, తియ్యగానే ఆగిపోయే బండిలో మొదటి అనుమానం పైలట్ జెట్ మీద, అంటే ఐడిలింగ్‌కి పెట్రోల్ ఇచ్చే చిన్న ఇత్తడి ముక్క మీద. మెకానిక్‌లు స్లో జెట్ అనేది దీన్నే. దాని రంధ్రం అర మిల్లీమీటరు కూడా ఉండదు. బండి నెలల తరబడి కదలకపోతే పెట్రోల్ ఆవిరైపోయి, మిగిలిన జిగురు ఆ రంధ్రాన్నే మూస్తుంది. మెయిన్ జెట్ రంధ్రం పెద్దది కాబట్టి స్పీడులో బండి బాగానే పోతుంది, యాక్సిలరేటర్ వదిలితే చస్తుంది. జెట్ విప్పి వెలుతురుకి పట్టి చూడండి, గుండ్రంగా, అంచులు శుభ్రంగా వెలుతురు కనిపించాలి. సూది, ఇనుప తీగ పెట్టకండి, ఇత్తడి మెత్తన, రంధ్రం పెద్దదైపోతుంది. కార్బ్ క్లీనర్, గాలి చాలు.

ఐడిలింగ్‌లో పెట్రోల్, గాలి పాళ్లు సరిచేసే మిక్స్చర్ స్క్రూ విప్పే ముందు మెల్లగా లోపలికి ఆనేదాకా తిప్పుతూ ఎన్ని చుట్లో రాసుకోండి. బిగబట్టి తిప్పితే మొన దెబ్బతింటుంది. సాధారణంగా ఒకటిన్నర నుంచి రెండున్నర చుట్లు బయటికి ఉంటుంది. స్క్రూ ఇంజన్ వైపు ఉంటే బయటికి తిప్పేకొద్దీ పెట్రోల్ పెరుగుతుంది. ఎయిర్ ఫిల్టర్ వైపు ఉంటే గాలి పెరుగుతుంది. ఈ తేడా తెలియక తలకిందులుగా తిప్పేవాళ్లే ఎక్కువ. సెట్టింగ్ ఎప్పుడూ ఇంజన్ బాగా వేడెక్కాకే.

జెట్ శుభ్రంగా ఉన్నా ఐడిలింగ్ ఎగుడుదిగుడుగా ఉంటే, కార్బురేటర్‌కీ ఇంజన్‌కీ మధ్య ఉండే రబ్బరు చూడండి. ఐడిలింగ్‌లో ఉండగా దాని చుట్టూ నీళ్లు స్ప్రే చేస్తే ఇంజన్ చప్పుడు మారితే పగులు అక్కడే. హ్యాండిల్ పూర్తిగా తిప్పితే ఇంజన్ రేజ్ పెరుగుతుంటే మాత్రం యాక్సిలరేటర్ కేబుల్‌కి ప్లే (కొద్దిపాటి వదులు) లేదు, లేదా రూటింగ్ తప్పింది.

ఎక్కువమంది వదిలేసేది ట్యాపెట్లు, అంటే వాల్వ్‌కీ దాన్ని నొక్కే భాగానికీ మధ్య ఉండాల్సిన సన్నటి గ్యాప్. చప్పుడు వస్తే అందరూ పట్టించుకుంటారు, టైటైతే చప్పుడు రాదు కాబట్టి ఎవరికీ తెలియదు. వాల్వ్ సీటు అరిగేకొద్దీ వాల్వ్ పైకి జరిగి గ్యాప్ తగ్గుతుంది, చివరికి వాల్వ్ పూర్తిగా మూసుకోదు. కంప్రెషన్ పోయి కిక్ తేలికవుతుంది, స్టార్టింగ్ కష్టమవుతుంది, ఐడిలింగ్ నిలవదు. చల్లటి ఇంజన్‌లో, పిస్టన్ కంప్రెషన్ స్ట్రోక్ పైన ఉండగా ఫీలర్ గేజ్‌తో (గ్యాప్ కొలిచే సన్నటి రేకులతో) చూడాలి. చాలా చిన్న ఇంజన్లకి ఇన్‌టేక్ 0.05 నుంచి 0.10, ఎగ్జాస్ట్ 0.08 నుంచి 0.15 మిల్లీమీటర్ల మధ్య ఇస్తారు. గ్యాప్ సరిగ్గా ఉన్నా కంప్రెషన్ గేజ్ తక్కువ చూపిస్తే ప్లగ్ రంధ్రంలో ఒక టీస్పూన్ ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ గేజ్ పెట్టండి. రీడింగ్ పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు.

వేడెక్కాక ఆగిపోయి, చల్లారితే మళ్లీ స్టార్టయ్యే బండికి ఆగిన క్షణంలోనే స్పార్క్ చూడాలి. అప్పుడు లేక, చల్లారాక వస్తే ఇగ్నిషన్ కాయిల్ గానీ, స్పార్క్ ఎప్పుడు పడాలో చెప్పే పల్సర్ కాయిల్ గానీ వేడికి తెగుతోంది. స్పార్క్ ఉంటే పెట్రోల్ ట్యాంకు మూత తీయండి. బుస్సున గాలి లాక్కుని బండి స్టార్టయితే మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయినట్టే.

కార్బురేటర్ లేని ఫ్యూయల్ ఇంజెక్షన్ బండిలో తాళం ఆన్ చేయగానే పెట్రోల్ పంపు రెండు మూడు సెకన్లు గుయ్యిమనాలి. అది వినపడకపోతే ఫ్యూజు, రిలే, పంపు కనెక్టర్ వరుసగా చూడండి. పంపు నడుస్తూ ఐడిలింగ్ మాత్రమే పడిపోతుంటే ఇంజన్‌కి గాలి పంపే థ్రాటిల్ బాడీలో, ఐడిల్ కంట్రోల్ వాల్వ్‌లో పేరుకున్న మసి కడగండి. ఇంజన్ లైటు మెరుపులు లెక్కపెడితే చాలా మోడళ్లలో ఏ సెన్సరో అదే చెబుతుంది.