అదే పది

మంగళవారం, రాత్రి తొమ్మిదిన్నర.

మధ్యాహ్నం దుకాణం తమ్ముడికి అప్పజెప్పి డాక్టర్ దగ్గరికి పోయి వచ్చాను. డిప్రెషన్‌కు వాడే మందు, ఎస్‌సిటాలోప్రామ్, పది మిల్లీగ్రాములకు వచ్చి ఇది ఏడో వారం. ఈసారి ఇరవై రాస్తారని నాకు నేనే అనుకుని పోయాను. రాయలేదు. అదే పది, ఇంకో నెల. నిజం చెప్పాలంటే కొంచెం చిన్నబోయాను. పెంచితే తొందరగా తగ్గుతుందన్న ఆశ ఇంకా పోలేదు నాలో.

ఆ ఆశ ఒకసారి చేసిన నిర్వాకం ఈ డైరీలో రాయలేదు, సిగ్గేసి. మొదటి వారం ఐదు, తర్వాత పది అని చెప్పారు. పది మొదలుపెట్టి వారం దాటినా కడుపులో తిప్పడం తప్ప ఏమీ తెలియలేదు. మందు చాలట్లేదని నేనే రెండేసి మింగాను. నాలుగు రోజులు. చేతులు వణికి బిల్లు మీద అంకెలు వంకర్లు పోయాయి, రాత్రంతా ఫ్యాన్ చూస్తూ పడుకున్నాను. పట్టుకున్నది అమ్మ. ఆమెకు చదువు రాదు గానీ గోలీల అట్ట మీద ఖాళీలు లెక్కపెట్టడం వచ్చు.

"రోజులు నాలుగైతే గోలీలు ఎనిమిది ఎట్ల పోయినయ్ బిడ్డా?"

ఎరువులు, పురుగుమందులు అమ్మేవాడిని. కనగల్ వైపు నుంచి వచ్చే బత్తాయి రైతులకు రోజూ చెప్పేదే: ట్యాంకుకు ఇంతే పోయాలి, ఎక్కువ కొడితే ఆకు మాడుతుంది, పురుగు మాత్రం రెండింతలు చావదు. వాళ్లు తలూపి ఇంకో మూత పోస్తారు. నేనూ అంతే పోశాను.

ఈరోజు డాక్టర్ ఓపిగ్గా చెప్పారు. మెదడులో కణాల మధ్య కబురు మోసే సెరటోనిన్ అనే రసాయనాన్ని ఆ కణాలే మళ్లీ లోపలికి లాక్కునే దారులు ఉంటాయి, ఈ మందు వాటిని మూస్తుంది. మామూలు డోసుకే నూటికి ఎనభై దాకా మూసుకుంటాయట. రెట్టింపు చేస్తే మిగిలిన కాసిన్నిలో కొన్ని మూసుకుంటాయి, అంతే. 2019లో జపాన్ డాక్టర్ ఫురుకావా బృందం ఇలాంటి మందుల మీద జరిగిన పాత పరీక్షలు కలిపి చూస్తే, ఇదే జాతి మందు ఫ్లూయాక్సిటిన్ లెక్కలో 20 నుంచి 40 మిల్లీగ్రాముల మధ్యనే మేలుకూ భరించగలగడానికీ పొత్తు బాగా కుదిరిందట. నా పది దాదాపు అందులోని ఇరవైకి సమానం. కొందరికి పెంచితేనే పనిచేస్తుందనీ అన్నారు. అది చూసి పెంచేది ఆయన.

"నిద్ర ఎట్లుంది?" అన్నారు.

రెండింటికి మెలకువ వచ్చేది, ఇప్పుడు నాలుగింటికి వస్తోందని చెప్పాను. మొన్న ఆదివారం పానగల్ చెరువు కట్ట మీద చివరిదాకా నడిచానని కూడా. ఎండాకాలం అంతా ఆ వైపు చూడబుద్ధి కాలేదు నాకు. ఆయన అదంతా రాసుకుని, "కదులుతోంది కదా, ఇప్పుడు ముట్టుకోవద్దు" అన్నారు. బాగయ్యాక కూడా కనీసం ఆరు నెలలు వాడాలట. మానేటప్పుడు ఒక్కసారి ఆపకూడదు, మెల్లగా తగ్గించాలి, లేకపోతే తల తిరుగుడు, చిరాకు.

గడియారం సెంటర్ దగ్గర చాయ్ తాగుతుంటే పాత క్లాస్‌మేట్ కలిశాడు. వాడూ ఇలాంటి మందే వాడుతున్నాడని నాకు ఒక్కడికే తెలుసు. "నాది యాభై రా, సెర్ట్రలిన్. నీది పదేనా?" అన్నాడు, నా రోగం చిన్నదైనట్టు. వాడి గోలీ వేరు, దాని కొలత వేరు అని చెప్పబోయి ఊరుకున్నాను. బిస్కట్ మాత్రం వాడి డబ్బులతోనే తిన్నాను.

ఇంటికి రాగానే అమ్మ గడప దగ్గరే అడిగింది.

"సారు ఎంత రాసిండు?"

"అదే పది."

"పెంచలే? గట్లయితే రోగం పెరగలే." ఆమె మొహం తేలికపడింది. పెంచడమంటే రోగం పెరగడం కాదని చెప్పాలనుకున్నా, ఆ మొహం చూసి ఇవాల్టికి వదిలేశా.

అన్నం తిన్నాక కొత్త అట్ట విప్పి, గోలీ ఒకటి తనే నొక్కి నా అరచేతిలో పెట్టింది. మింగేదాకా నిలబడింది. తర్వాత దీపం దగ్గరికి పోయి అట్ట తిప్పి చూసుకుంది.

"ఇంక తొమ్మిది," అంది.