ఆమెకేం తక్కువ?

2018 జూన్ 5, మంగళవారం. న్యూజెర్సీలో ఒక మాల్. అందులో పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్, దాని హ్యాండ్‌బ్యాగుల సెక్షన్‌లో నాకు ఉదయం షిఫ్టు. వారం మధ్యలో జనం పలచగా ఉంటారు కాబట్టి కొత్త సరుకు ఆ రోజే సర్దుతాం. అట్టపెట్టెల్లోంచి బ్యాగులు తీసి, లోపల కుక్కిన టిష్యూ కాగితం సరిచేసి, పట్టీలు ఒకే ఎత్తులో పడేలా షెల్ఫులో నిలబెట్టాలి. కాగితం ఎక్కువైతే బ్యాగు ఉబ్బిపోతుంది, తక్కువైతే మూలలు కుంగిపోతాయి. మూల దాకా వేళ్లు పోనిచ్చి అక్కడ కాగితాన్ని ముద్దలా ఆనించాలి. అది చేతికి రావడానికి నాకు రెండు వారాలు పట్టింది.

మధ్యాహ్నం కావస్తుండగా రిజిస్టర్ దగ్గరున్న మా సహోద్యోగి ఫోన్ చూసి నోటి మీద చెయ్యి పెట్టుకుంది. కేట్ స్పేడ్ చనిపోయిందట. ఆత్మహత్యట. నా చేతిలో ఉన్న బ్యాగు మీద బంగారు రంగు అక్షరాల్లో ఆ పేరే ఉంది. దాన్ని షెల్ఫులో పెట్టాలా, పక్కన పెట్టాలా తెలీక అలాగే పట్టుకుని నిలబడ్డాను.

మనవాళ్లకి ఆ పేరు కొత్తది కాదు. ఇండియా ప్రయాణం దగ్గర పడగానే అవుట్‌లెట్ మాల్స్ చుట్టూ తిరగడం, 23 కిలోలు దాటకుండా తూచుకుంటూ సూట్‌కేసుల్లో చాక్లెట్లు, లోషన్లు, విటమిన్ సీసాల మధ్య ఆడపడుచుకొకటి, తోడికోడలికొకటి హ్యాండ్‌బ్యాగు ఇరికించడం ఇక్కడ ప్రతి తెలుగింట్లోనూ ఉన్నదే. తెనాలిలో మా అమ్మ కూడా "పెద్దదానికి కేటు స్పేడు పర్సు తెచ్చావు, పిన్నికి తేలేదేంటే, బాధపడింది" అని అడిగిన సందర్భం ఉంది. ఆ పేరుతో నిజంగా ఒక మనిషి ఉందనీ, మాకు గంట దూరంలో మన్‌హాటన్ పార్క్ అవెన్యూలో ఉంటోందనీ ఆ రోజు దాకా నా మనసుకి తట్టలేదు. రోజుకు ఎన్నిసార్లు ఆ పేరు పలికేదాన్నో! ధర చెప్పడానికి, రంగు చూపించడానికి.

ఆ రాత్రి ఇంటికెళ్లి ఆమె గురించి చదువుతూ కూర్చున్నాను. 1962లో మిస్సోరీ రాష్ట్రంలోని కాన్సస్ సిటీలో పుట్టింది. పుట్టింటి పేరు బ్రోస్నహన్. న్యూయార్క్ వచ్చి ఒక ఆడవాళ్ల పత్రికలో బ్యాగులు, నగలు, బెల్టులు చూసే విభాగంలో పని చేసింది. రోజూ పనికి పట్టుకెళ్లడానికి ఆడంబరం లేని ఒక మంచి బ్యాగు ఎందుకు దొరకదన్న ఆలోచనతో, తర్వాత భర్త అయిన ఆండీ స్పేడ్‌తో కలిసి 1993లో సొంతంగా మొదలుపెట్టింది. నలుచదరంగా ఉండే నల్ల నైలాన్ బ్యాగు. తొలి ప్రదర్శన ముందు రాత్రి, బ్యాగుకి ఇంకా ఏదో కావాలనిపించి, లోపలున్న పేరు చీటీలు ఊడదీసి బయటివైపు తన చేత్తోనే కుట్టిందట. ఆ చిన్న చీటీనే జనం గుర్తుపట్టారు.

ఇంకో సంగతి నన్ను చాలాసేపు పట్టుకుంది. కంపెనీలో వాటా మొదట 1999లోనూ, మిగిలింది 2006లోనూ అమ్మేశారు. 2007లో ఆమె అక్కణ్ణుంచి తప్పుకుంది. అంటే నేను మూడేళ్లుగా అమ్ముతున్న ఆ బ్యాగుల్లో ఒక్కదాని మీదా ఆమె చెయ్యి లేదు. పేరు మాత్రం ఉంది. 2017లో ఆ కంపెనీని కోచ్ అనే ఇంకో బ్యాగుల కంపెనీ వాళ్లు 240 కోట్ల డాలర్లకి కొన్నారు. 2016లో ఆమె ఫ్రాన్సెస్ వాలెంటైన్ అని ఇంకో బ్రాండ్ పెట్టి, తన ఇంటిపేరు కూడా వాలెంటైన్ అని మార్చుకుంది. తన పేరు తనది కాకుండా పోవడం ఎలా ఉంటుందో నాకు కొంచెం తెలుసు. ఈ దేశంలో దిగిన రోజు నుంచి కాగితాల్లో, క్లినిక్‌లో, బ్యాంకులో అందరూ నన్ను అత్తింటి ఇంటిపేరుతో పిలుస్తారు. అమ్మ పెట్టిన పేరు ఫోన్లోనే వినపడుతుంది.

మర్నాడు షాపులో జరిగింది నేను మర్చిపోలేను. అరవై దాటిన ఒకావిడ పాత నల్ల నైలాన్ బ్యాగు తీసుకొచ్చింది. పిడుల దగ్గర నూలు లేచిపోయి, మూలలు తెల్లబడి ఉంది. చీటీ మాత్రం గట్టిగా ఉంది. పిడి బాగుచేసే చోటు ఎక్కడైనా ఉందా అని అడిగింది. మేం రిపేర్లు చేయమని చెప్పేలోపే, విడాకులయ్యాక దొరికిన మొదటి ఉద్యోగంలో మొదటి జీతంతో కొనుక్కున్నానని, ఇరవై ఏళ్లయిందని చెబుతూ ఏడ్చేసింది. మనూళ్లో అయితే దగ్గరికెళ్లి చెయ్యి పట్టుకుంటాం, "ఊరుకోండమ్మా" అంటాం. ఇక్కడ ముట్టుకోవచ్చో లేదో తెలీదు. చావుకెళ్లినప్పుడు ఇక్కడివాళ్లు అనే మాట, మీకు కలిగిన నష్టానికి విచారిస్తున్నాను అన్న ఇంగ్లీషు మాట, అదొక్కటే నోటికొచ్చింది. ఎప్పుడూ చూడని మనిషి కోసం ఏడుస్తున్న ఆవిడతో ఆ మాట అనొచ్చా అనుకుంటూనే అన్నాను. ఆవిడే నా చెయ్యి పట్టుకుంది.

ఆ వారమంతా అలాంటివాళ్లే. కాలేజీలో చేరేటప్పుడు అమ్మ కొనిచ్చిందని ఒకరు, మొదటి ఇంటర్వ్యూకి అక్క దగ్గర అరువు తీసుకెళ్లానని ఒకరు. బయట కూడా అంతే. కొన్ని కేట్ స్పేడ్ షాపుల ముందు పూలు పెట్టారు, కాగితాల మీద రాసి అంటించారు. తను కాలేజీలో ఉన్నప్పుడు అమ్మమ్మ ఇచ్చిన మొదటి కేట్ స్పేడ్ బ్యాగు ఇప్పటికీ దాచుకున్నానని చెల్సీ క్లింటన్ రాసింది. ఎవరూ ఫ్యాషన్ గురించి మాట్లాడలేదు. తన కాళ్ల మీద తాను నిలబడ్డ రోజున చేతిలో ఏ బ్యాగుందో దాని గురించి మాట్లాడారు. మా సెక్షన్‌లో కొనేవాళ్లూ పెరిగారు. మొదట నాకు కష్టంగా అనిపించింది, చావు వార్త విని షాపింగేమిటని. తర్వాత ఒక అమ్మాయి బిల్లు వేయించుకుని బ్యాగుని కవర్లో పెట్టనివ్వకుండా గుండెకి ఆనించుకుని వెళ్లడం చూశాక ఆ మాట మళ్లీ అనుకోలేదు.

అందరూ బాగా ప్రవర్తించారని కాదు. కేట్ స్పేడ్ తన కూతురికి రాసిన ఉత్తరంలో ఏముందో కూడా పత్రికల్లో అచ్చేశారు. పదమూడేళ్ల పిల్ల అది చదువుతుందన్న ఆలోచన లేకపోయింది. చాలామంది పాఠకులు కోప్పడ్డారు, న్యాయమైన కోపం అది. భర్త ఒక ప్రకటన ఇచ్చాడు. ఏళ్ల తరబడి డిప్రెషన్, ఆందోళనతో బాధపడుతోందని, డాక్టర్ల దగ్గర వైద్యం తీసుకుంటోందని, ముందు రోజు రాత్రి మాట్లాడినప్పుడు కూడా సంతోషంగానే ఉన్నట్టు అనిపించిందని. జబ్బుని జబ్బు పేరుతో చెప్పాడు. జనం కూడా వార్త పంచుకున్న ప్రతిచోటా కింద సహాయం కోసం ఫోన్ చేయాల్సిన నంబరు రాశారు. అదే వారం, జూన్ 7న, ప్రభుత్వ సంస్థ సీడీసీ లెక్కలు బయటపెట్టింది: 1999 నుంచి 2016 మధ్య దేశంలో దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ ఆత్మహత్యలు పెరిగాయని, సగం రాష్ట్రాల్లో 30 శాతానికి పైగా పెరిగాయని. మర్నాడే, టీవీలో అందరికీ తెలిసిన వంటగాడు ఆంథనీ బోర్డెయిన్ కూడా ఆత్మహత్య చేసుకున్నాడన్న కబురు.

మా అపార్ట్‌మెంట్ల తెలుగు ఆడవాళ్ల వాట్సాప్ గ్రూపులో మంగళవారం సాయంత్రానికే వార్త వచ్చింది. కింద మొదటి మాట: "అంత డబ్బు, అంత పేరు. ఆమెకేం తక్కువ?" ఆ తర్వాత వరసగా అదే. తిన్నది అరక్క అని ఒకరు. కూతురి మొహమైనా చూడొద్దా అని ఇంకొకరు. వాళ్లు చెడ్డవాళ్లు కారు. నాకు ప్రసవమైనప్పుడు మునక్కాయ పులుసు, కారప్పొడి చేసి పంపింది ఆ చేతులే. కానీ అందులో ఇరవై ఆరు మంది ఉన్నారు. ఆ ఇరవై ఆరు మందిలో మనసు బాగాలేనిది ఎవరైనా ఉంటే, ఆ సాయంత్రం ఆ మాటలు చదివి నోరు ఇంకా గట్టిగా మూసుకుని ఉంటుంది. నేనూ ఏమీ రాయలేదు. ఫోన్ పక్కన పెట్టేశాను. దానికి ఇప్పటికీ బాధపడతాను.

ఎందుకంటే ఆ మాట నేను విన్నదే. 2011లో హెచ్-4 వీసా మీద వచ్చాను, ఉద్యోగం మీద వచ్చిన భర్త వెంట వచ్చే భార్యకిచ్చే వీసా అది. ఎమ్మెస్సీ చదివి, తెనాలిలో రెండేళ్లు పిల్లలకి కెమిస్ట్రీ చెప్పి వచ్చినదాన్ని. అప్పట్లో ఆ వీసా మీద ఉద్యోగం చేయకూడదు. ఆయన పొద్దున ఏడింటికి రైలెక్కితే రాత్రి ఏడున్నరకి వచ్చేవారు. జనవరిలో కిటికీ బయట మంచు, లోపల హీటర్ చప్పుడు. మధ్యాహ్నం రెండింటికి కూడా మంచం దిగబుద్ధి కాని రోజులుండేవి. ఒకసారి ఫోన్లో అమ్మతో "ఏం బాగోలేదమ్మా" అన్నాను. "ఏం తక్కువైందే నీకు? బంగారం లాంటి మొగుడు, అమెరికాలో కాపురం. నలుగురూ వింటే నవ్వుతారు" అంది. ప్రేమతోనే అంది. ఆ తర్వాత నాలుగేళ్లు నేను అమ్మకి అంతా బాగుందనే చెప్పాను. నన్ను గట్టెక్కించింది మందో మాకో కాదు, 2015 మేలో వచ్చిన కొత్త నిబంధన. గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసే ఐ-140 అర్జీ ఆమోదమైనవాళ్ల భార్యలకీ భర్తలకీ పని చేసే అనుమతి ఇచ్చారు. ఆ ఈఏడీ కార్డు చేతికొచ్చిన నెలలోనే ఈ షాపులో చేరాను. కెమిస్ట్రీ చదివి పర్సులు అమ్ముతున్నావా అన్నవాళ్లున్నారు. ఉదయం తొమ్మిదింటికి నా కోసం ఎదురుచూసే చోటంటూ ఒకటుండటం ఏమిటో వాళ్లకి చెప్పినా అర్థం కాదు. 2018లో ఆ అనుమతి తీసేస్తారని మళ్లీ టెన్షన్ మొదలైంది. జూన్‌లోనే ప్రతిపాదన వస్తుందని అనుకున్నారు. కేట్ స్పేడ్ పోయిన వారంలో నా పర్సులో ఉన్న ఆ కార్డుని రోజుకి రెండుసార్లు తీసి చూసుకునేదాన్ని.

అప్పుడే ఒక అమ్మాయి మీద నా దృష్టి పడింది. మా కాంప్లెక్స్‌లోనే వెనక బ్లాకు. విజయనగరం వైపు పిల్ల. నాలుగు నెలల బాబుని స్ట్రాలర్‌లో పెట్టుకుని వారంలో మూడు నాలుగు రోజులు పదకొండింటికి మాల్‌కి వచ్చేది. ఏమీ కొనేది కాదు. మా సెక్షన్‌లో ఆగి, ఒక బ్యాగు జిప్పు తీసి, మళ్లీ వేసి, నన్ను చూసి నవ్వి వెళ్లేది. "బావున్నావా?" అంటే "బావున్నానక్కా." అంతే మా మాటలు. అలా మనుషులున్న చోటని వెతుక్కుంటూ మాల్‌కి వచ్చి తిరగడం నేనూ చేశాను. ఆ పిల్ల మొహం చూస్తూ కూడా ఆ సంగతి నాకు ఇన్నాళ్లూ గుర్తుకు రాలేదు.

జూన్ 21న కాన్సస్ సిటీలో కేట్ స్పేడ్ అంత్యక్రియలు జరిగాయి. ముందు రోజు రాత్రే ఆమె తండ్రి పోయాడు, ఎనభై తొమ్మిదేళ్లు. ఆ వార్త మా బ్రేక్ రూమ్ టీవీలో చూసి బయటికొచ్చేసరికి ఆ అమ్మాయి ఎప్పటిలాగే జిప్పు తీసి వేస్తోంది. బావున్నావా అని అడగలేదు. "రాత్రిళ్లు నిద్ర పడుతోందా అమ్మా?" అన్నాను.

"బాబు పడుకోనివ్వడక్కా."

"వాడు పడుకున్నప్పుడు?"

జిప్పు మీద చెయ్యి ఆగిపోయింది. మా మేనేజర్‌కి చెప్పి అరగంట బ్రేక్ ముందే తీసుకుని, ఫుడ్ కోర్టు పక్కన బల్ల మీద కూర్చున్నాం. చాలాసేపు బాబు సాక్సు సర్దుతూనే ఉంది. తర్వాత చెప్పింది. డాక్టరు దగ్గర పది ప్రశ్నల కాగితం ఇచ్చారట, అన్నిటికీ బావున్నట్టే టిక్కులు పెట్టిందట. నిజం రాస్తే బాబుని తీసుకుపోతారేమోనని భయం. "గ్రూపులో కూడా చూశాను కదక్కా, అందరూ ఏమన్నారో" అంది.

ఆ కాగితం సంగతి నాకు తెలుసు, నా ప్రసవంలో నాకూ ఇచ్చారు. ప్రసవమైన ప్రతి తల్లినీ డిప్రెషన్ ఉందేమో అడిగి తెలుసుకుని తీరాలని దేశంలో మొదట చట్టం చేసింది న్యూజెర్సీయే, 2006లో. అప్పటి దాకా గవర్నర్‌గా ఉన్న రిచర్డ్ కోడీ భార్య మేరీ జో కోడీ, బిడ్డ పుట్టాక తను ఎంత నరకం అనుభవించిందో నలుగురిలో చెప్పుకుని పోరాడితే వచ్చిన చట్టం. ఆ కాగితం పిల్లల్ని తీసుకుపోవడానికి కాదని, తల్లికి వైద్యం ఇప్పించడానికని చెప్పాను. గవర్నర్ ఇంట్లోనే వచ్చిన జబ్బని చెబితే ఆశ్చర్యంగా చూసింది. "ఆవిడకీనా?" అంది.

ఆ రోజు నా షిఫ్టు అయ్యే దాకా అక్కడే ఉంది. ఇద్దరం కలిసే వచ్చాం. దారిలో కారాపి, నా ముందే డాక్టరు ఆఫీసుకి ఫోన్ చేసింది. ఇంగ్లీషులో మాట తడబడితే ఫోన్ నా చేతికిచ్చింది. వచ్చే గురువారం తొమ్మిదిన్నరకి అపాయింట్‌మెంట్ ఇచ్చారు. బాబుని నేను ఎత్తుకుంటానన్నాను.

ఇంటికెళ్లి గ్రూపులో ఆ సహాయం నంబరు పెట్టాను, తెలుగులో రెండు వాక్యాలతో. అప్పుడది 1-800-273-8255. ఇప్పుడు 988 నొక్కితే చాలు, ఇండియాలో అయితే 14416. గ్రూపులో ఆ రాత్రి ఎవరూ ఏమీ అనలేదు. పదకొండింటికి విడిగా ఒక మెసేజ్ వచ్చింది. ఆమెకేం తక్కువ అని మొదట రాసిన ఆవిడే.

"రేపు ఒకసారి మీ ఇంటికి రావచ్చా?" అని అడిగింది.