డబ్బా కొనకముందు ఒకసారి వినండి: హ్యామ్ రేడియోలో డిజిటల్ మొదలుపెట్టేవాళ్లకి

హ్యామ్ లైసెన్స్ (సరదాకి సొంతంగా వైర్‌లెస్ సెట్ నడుపుకునే అనుమతి) చేతికి రాగానే, కొందరైతే రాకముందే, అడిగే మొదటి మాట ఇదే: "అన్నా, డిజిటల్ చెయ్యాలంటే ఏ సెట్ కొనాలె?" ఇప్పుడే ఏమీ కొనకు తమ్మీ అంటాను. డిజిటల్ అంటే రేడియో మీద గొంతుకి బదులు అక్షరాలు పంపడం. ఆ పేరు వినగానే ఖరీదైన రేడియో, దాని పక్కన ఇంకో డబ్బా ఉండాలనుకుంటారు గానీ, మనలాంటివాళ్లం మొదలుపెట్టే మోడ్‌లలో, అంటే పంపే పద్ధతుల్లో, రేడియోకి డేటా అంటే ఏంటో తెలియనే తెలియదు. కంప్యూటర్ ఒక చప్పుడు చేస్తుంది, రేడియో మన గొంతుని మోసినట్టే ఆ చప్పుడునీ మోసుకుపోతుంది, అవతల ఇంకో కంప్యూటర్ అది విని మళ్లీ అక్షరాలు చేసుకుంటుంది. ఈ ఒక్కటి బుర్రకెక్కితే కేబుల్ ఎందుకు, వాల్యూమ్ ఎంత పెట్టాలి, తేడా ఎక్కడ వస్తోంది అన్నవన్నీ ఎవరూ చెప్పకుండానే అర్థమవుతాయి.

మెసేజ్‌ని మూటలుగా కట్టి పంపే ప్యాకెట్ రేడియో సంగతే చూడండి. 2 మీటర్ల బ్యాండ్‌లో (తరంగం పొడవుని బట్టి ఆ పేరు) మామూలుగా వాడేది సెకనుకి 1200 బిట్లు, ఉండేవి రెండే స్వరాలు, ఒకటి 1200 హెర్ట్జ్, రెండోది 2200 హెర్ట్జ్. చెవికి ఝర్‌ర్‌మని కాసేపు గీరినట్టు వినపడి ఆగిపోతుంది. ఒక స్వరం సున్నా, ఇంకోటి ఒకటి అనుకుంటారు చాలామంది, అలా కాదు. స్వరం మారితే 0, మారకుండా అలాగే ఉంటే 1. ప్యాకెట్ చివర సరిచూసుకోవడానికి 16 బిట్ల లెక్క ఒకటి వస్తుంది, అది కలవకపోతే కంప్యూటర్ మొత్తం ప్యాకెట్‌ని పారేస్తుంది, సగం మెసేజ్ చూపించడం అనేది ఉండదు. అందుకే చెవికి శుభ్రంగా వినిపిస్తున్నా స్క్రీన్ ఖాళీగా ఉంటుంది, కొత్తవాళ్లేమో సాఫ్ట్‌వేర్‌ని తిట్టుకుంటూ కూర్చుంటారు. ముందు వాల్యూమ్ తగ్గించి చూడండి, ఆ తర్వాత స్క్వెల్చ్ (సిగ్నల్ లేనప్పుడు రొద వినపడకుండా మూసేది) పూర్తిగా తెరిచి ఆ సొద భరించండి. స్క్వెల్చ్ తెరుచుకునేలోపే ప్యాకెట్ మొదలు తెగిపోతుంది. చేతి సెట్‌లలో బ్యాటరీ సేవర్ ఉంటే అదీ ఆపేయాలి, అది మధ్యమధ్య నిద్రపోతుంది.

లైసెన్స్ ఇంకా రాలేదా? ట్రాన్స్‌మిట్ చేసే సెట్ కొని ఇంట్లో పెట్టుకోవద్దు, అది చట్టం ఒప్పుకోదు. బ్రౌజర్ చాలు. నెదర్లాండ్స్‌లోని ట్వెంటె యూనివర్సిటీ తమ రిసీవర్‌ని ఇంటర్నెట్‌లో పెట్టింది, షార్ట్‌వేవ్ మొత్తం ఫోన్‌లోనే తిప్పి వినొచ్చు. 14.074 మెగాహెర్ట్జ్‌కి వెళ్లి అప్పర్ సైడ్ బ్యాండ్ (యూఎస్‌బీ అని రాసి ఉండే బటన్) పెట్టి వినండి, సన్నగా ఈలలు వేసినట్టు ఒకేసారి పదుల స్వరాలు వినిపిస్తాయి, అది ఎఫ్‌టీ8 అనే డిజిటల్ మోడ్. ల్యాప్‌టాప్‌లో డబ్ల్యూఎస్‌జేటీ-ఎక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకుని, ఫోన్ స్పీకర్‌ని ల్యాప్‌టాప్ మైక్ దగ్గర పెట్టండి. కేబుల్ లేదు, రేడియో లేదు, అయినా కాల్‌సైన్లు (హ్యామ్‌ల గుర్తింపు పేర్లు) వరసగా పడుతుంటాయి. పడకపోతే మొదట చూడాల్సింది గడియారం. ఎఫ్‌టీ8 అంతా 15 సెకన్ల వంతుల మీద నడుస్తుంది, మీ కంప్యూటర్ టైమ్ రెండు మూడు సెకన్లు అటూ ఇటూ అయితే దానికి ఏమీ అర్థం కాదు. ఇంటర్నెట్ నుంచి టైమ్ సరిచేసుకుని మళ్లీ చూడండి.

దీన్ని తయారుచేసినవాళ్లలో ఒకరు జో టేలర్, పల్సార్ల మీద పరిశోధనకి 1993లో ఫిజిక్స్ నోబెల్ పంచుకున్న ఆయనే. స్టీవ్ ఫ్రాంకేతో కలిసి 2017లో ఎఫ్‌టీ8 తెచ్చారు. ఆకాశంలోంచి వచ్చే బలహీనమైన సిగ్నల్ని రొదలోంచి బయటికి లాగడమే వృత్తిగా ఉన్న మనిషి కదా, ఆ చేయి ఇందులో కనిపిస్తుంది. ఒక్కో సిగ్నల్ పట్టేది 50 హెర్ట్జ్ వెడల్పు మాత్రమే, 8 స్వరాలు, మధ్య దూరం 6.25 హెర్ట్జ్. చెవికి అక్కడ ఏదో ఉందని కూడా తెలియని సిగ్నల్‌ని అది చదివేస్తుంది.

పరీక్ష పాసై, లైసెన్స్ వచ్చి, హెచ్‌ఎఫ్ (షార్ట్‌వేవ్) సెట్ దొరికాక అసలు పని మొదలవుతుంది. మోర్స్ (చుక్కలు, గీతల కోడ్) రాకపోయినా రిస్ట్రిక్టెడ్ గ్రేడ్ పరీక్ష రాయొచ్చు, వీయూ3తో మొదలయ్యే కాల్‌సైన్ వస్తుంది. మీ లైసెన్స్‌లో ఏ బ్యాండ్లు, ఏ రకం ప్రసారాలు రాసి ఉన్నాయో చదువుకునే మైక్ ముట్టండి. యాంటెన్నా పెద్ద కథేం కాదు, 20 మీటర్ల (14 మెగాహెర్ట్జ్) బ్యాండ్‌కి డైపోల్ అంటే రెండు వైపులా ఐదేసి మీటర్ల తీగ, మన దాబా మీద ఈ మూల నుంచి ఆ మూలకి సరిపోతుంది. 40 మీటర్లకి దానికి రెట్టింపు కావాలి, అక్కడ పక్కింటివాళ్లతో మాట మంచిగా ఉండాలి. ఇంకోటి, 7 మెగాహెర్ట్జ్‌లో, అంటే ఆ 40 మీటర్ల బ్యాండ్‌లో, మాటకి లోయర్ సైడ్ బ్యాండ్ వాడతాం, ఎఫ్‌టీ8కి మాత్రం అక్కడ కూడా అప్పరే.

అందరూ పాడుచేసేది ఆడియో లెవెల్. కంప్యూటర్ వాల్యూమ్ ఫుల్ పెట్టి రేడియోలోకి తోస్తే బారాత్‌లో డీజే బాక్స్ పగిలినట్టే, మీ 50 హెర్ట్జ్ కాస్తా పక్కనున్న పదిమంది మీద పడుతుంది. సెట్ మీద ఏఎల్‌సీ మీటర్ (లోపలికొచ్చే ఆడియో ఎక్కువైతే కదిలేది) చూడండి, సూది కదలడం మొదలయ్యే దగ్గర ఆగి ఇంకొంచెం తగ్గించండి. పవర్ కూడా అంతే. మాట్లాడేటప్పుడు మధ్యలో ఊపిరి తీసుకుంటాం, ఎఫ్‌టీ8 మాత్రం 12.64 సెకన్లు గ్యాప్ లేకుండా నిండు పవర్ తోస్తుంది. వంద వాట్ల సెట్‌ని పాతిక ముప్పై వాట్ల మీద నడపండి, నల్లగొండ ఎండాకాలంలో అయితే ఫ్యాన్ కూడా పెట్టండి. అంత పవర్‌తోనే సాయంత్రం పూట యూరప్ వెళ్తుంది, ఇంకేం కావాలి.

మనవైపు అసలు శత్రువు రొద. బత్తాయి తోట పక్కన ఇల్లు కాబట్టి ప్రశాంతంగా ఉంటుందనుకుంటాం, సోలార్ పంపు కంట్రోలర్ ఆన్ అయిందంటే వాటర్‌ఫాల్ స్క్రీన్ (సిగ్నళ్లని బొమ్మలా చూపించే తెర) నిండా చారలు. చవక ఎల్‌ఈడీ బల్బులు, ఇన్వర్టర్, ఫోన్ ఛార్జర్ కూడా తక్కువేం కాదు. ఇంట్లో మెయిన్ ఆపి, సెట్‌ని బ్యాటరీ మీద నడుపుతూ వినండి, తర్వాత ఒక్కో స్విచ్ వేసుకుంటూ రండి, దొంగ దొరుకుతాడు. పొలం మోటారు దొంగైతే మనం చేసేది లేదు, అది ఆగినప్పుడు కూర్చోవడమే.

మా మేనల్లుడు అడిగాడు, "మామా, వాట్సాప్ ఉండంగ ఇదంతా ఎందుకే?" ఈ ప్రశ్నకి అందరూ విపత్తుల కథ చెప్తారు. అది నిజమే, 2004 డిసెంబర్ సునామీ అప్పుడు పోర్ట్‌బ్లెయిర్‌లో ఉన్న మన హ్యామ్‌లు, హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో వాళ్లు, అండమాన్ నుంచి కబుర్లు చేరవేశారు. కానీ వాడికి నేను ఆ కథ చెప్పలేదు. దాబా ఎక్కించి, చేతి సెట్‌ని 145.825 మెగాహెర్ట్జ్ మీద పెట్టి, అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం మన మీదుగా పోయే టైమ్ చూసి నిలబెట్టాను. అక్కడి ప్యాకెట్ రిపీటర్ (విన్న ప్యాకెట్‌ని తిరిగి పంపేది) ఆన్‌లో ఉంటే, ఎఫ్‌ఎమ్ కాబట్టి డాప్లర్‌కి (వేగంగా పోయేదాని ఫ్రీక్వెన్సీ కాస్త జరగడం) ట్యూనింగ్ కూడా సరిచేయక్కర్లేదు, 400 కిలోమీటర్ల పైనుంచి ఆ ఝర్‌ర్ దిగుతుంది. ఫోన్‌లో ప్యాకెట్లు చదివే ఏపీఆర్‌ఎస్‌డ్రాయిడ్ యాప్ పెట్టి స్పీకర్ దగ్గర పట్టుకుంటే ఎవరో పంపిన లైన్ ఒకటి పడింది. "సిమ్ లేకుండనా?" అన్నాడు. లేకుండనే.

ఒక మాట మాత్రం చెప్పాలి, ఎఫ్‌టీ8లో ముచ్చట ఉండదు. కాల్‌సైన్, గ్రిడ్ (మ్యాప్‌లో మనముండే గడి), సిగ్నల్ రిపోర్ట్, సెలవు, అంతే. నల్లగొండ గ్రిడ్ ఎంకే97, మిర్యాలగూడది ఎంకే96, అది పంపుకుని అయిపోయిందంటే నాకు కొన్నాళ్లకి విసుగొచ్చింది. నిజంగా టైప్ చేస్తూ మాట్లాడాలంటే పీఎస్‌కే31 ఉంది, 1998లో పీటర్ మార్టినెజ్ చేసింది, మనిషి టైప్ చేసే వేగానికి తగ్గట్టు నడుస్తుంది, 14.070 మెగాహెర్ట్జ్ దగ్గర వెతకండి. జనం తగ్గారు, కానీ దొరికినవాళ్లు మాట్లాడతారు. ఏం రాసినా అందరూ చదివేలాగే రాయాలి, రహస్య కోడ్‌లకీ వ్యాపారానికీ ఇక్కడ చోటు లేదు.

నాకు ఇప్పుడు కావాల్సింది దగ్గరివాళ్లతో 2 మీటర్ల ప్యాకెట్. సూర్యాపేట, మిర్యాలగూడ, దేవరకొండ వైపు లైసెన్స్ ఉన్నవాళ్లుంటే ముందు మాటలోనే ఒకసారి పిలుచుకుందాం. దాబా మీది నుంచి అందకపోతే ఇద్దరం చెరో గుట్టా ఎక్కుదాం, సిగ్నల్ చూసుకున్నాకే ల్యాప్‌టాప్‌లు తీద్దాం.