2047 నెల్లూరు గురించి నన్నడిగితే

పోయిన బుధవారం మా వీధి చివర షామియానా వేశారు. ఎవరింట్లోనో శుభకార్యం అనుకున్నా. తీరా కనుక్కుంటే, 2047 నాటికి నెల్లూరు ఎట్టుండాలో జనాన్ని అడిగే మీటింగంట. ఏ ఆఫీసు వాళ్లు పెట్టారో ఇక్కడ రాయను. రాస్తే నా ట్యూషన్ బోర్డు అరడుగు రోడ్డు మీదికొచ్చిందని రేపే ఎవరికో గుర్తొస్తుంది.

టైము పొద్దున పదకొండు గంటలు. వారం మధ్యలో, ఆ టైముకి మా పేటలో ఇంటి పట్టున ఉండేదెవరు? నాలాగా సాయంత్రం ట్యూషన్ చెప్పుకునేవాళ్లు, రిటైరైన పెద్దవాళ్లు, చంటిబిడ్డల తల్లులు. ఇడ్లీ బండి అక్క అప్పుడే గిన్నెలు తోముకుని నడుం వాల్చి ఉంటుంది. ఆటో అన్నలు స్కూలు పిల్లల్ని దించేసి ఆత్మకూరు బస్టాండు దగ్గర బేరాల కోసం నిలబడి ఉంటారు. కృష్ణపట్నం పోర్టు వైపు పనికి పోయే కుర్రాళ్లయితే ఆరింటికే బస్సెక్కేశారు. అంటే రోజంతా ఈ ఊరి రోడ్ల మీద తిరిగేవాళ్లు ఒక్కరూ లేకుండా ఊరి రోడ్ల గురించి మాట్లాడుకున్నాం. నలభై నిమిషాలు. అందులో పావుగంట మైకు పనిచెయ్యలా.

తలా ఒక కాగితం ఇచ్చారు. రోడ్లు, తాగునీరు, డ్రైనేజీ, పార్కులు, ఉపాధి, పర్యాటకం, ఇట్లా ఓ పది పేర్లు రాసి, మీకు ఏది ముఖ్యమో వరసగా నంబర్లు వేయండి అన్నారు. నేను డ్రైనేజీకి ఒకటి వేసి పక్కకు చూస్తే, పక్కింటి పెద్దమ్మ అన్నిటికీ ఒకటే వేసింది. "అట్ట కాదు పెద్దమ్మా, వరసగా వెయ్యాలంట" అంటే, "నీళ్లు రాకపోతే పార్కేం చేసుకుంటా, మోరీ పొంగితే రోడ్డేం చేసుకుంటా, అన్నీ ఒకటేలే అమ్మాయ్" అంది. లెక్కల టీచర్ని, సమాధానం చెప్పలేకపోయా. ఆవిడ చెప్పింది కరెక్టే కదా, ఇవి విడివిడిగా ఉండే వస్తువులు కాదాయె.

అసలు డ్రైనేజీ అని ఒకే గడి పెట్టడమే నాకు నచ్చలేదు. మరుగుదొడ్ల నీళ్లు పోయే పైపు వేరు, వాన నీళ్లు పోయే కాలువ వేరు. నెల్లూరులో హడ్కో (ఇళ్లకీ, పట్టణాల పనులకీ అప్పులిచ్చే కేంద్ర సంస్థ) అప్పుతో భూగర్భ డ్రైనేజీ పనులు మొదలుపెట్టినప్పుడు మా వీధి కూడా తవ్వారు. పైపులేశారు, మూతలు పెట్టారు, తవ్విన మట్టి చాన్నాళ్లు అట్నే ఉండింది, ఆ దుమ్ముకి మా అత్తగారికి ఆయాసం ఎక్కువై ఆస్పత్రి చుట్టూ తిరిగాం, అదంతా వేరే కథ. చెప్పొచ్చేదేమంటే ఆ పైపు వాన నీళ్ల కోసం వేసింది కాదు. ఇళ్లలో వాడిన నీళ్లకి సరిపోయేట్టు వేసింది. కానీ వాన పడి వీధి నిండంగానే మనోళ్లు చేసే మొదటి పని ఏంది? గడ్డపారతో ఆ మూత లేపడం. వీధిలో నీళ్లు జర్రున దిగిపోతాయి, అబ్బా అనుకుంటాం. ఓ పది నిమిషాలకి పల్లంలో ఉన్న ఇంట్లో బాత్రూం పొంగుతుంది. ఇది ఎవరి తప్పో నేను చెప్పలేను, మూత లేపిన వాళ్లలో మా ఆయన కూడా ఉన్నాడు. ఇప్పుడు నేను "డ్రైనేజీ"కి ఒకటి వేశానంటే పైపు అడిగినట్టా, కాలువ అడిగినట్టా?

పల్లం అంటే గుర్తొచ్చింది. మా మామగారు 1986లో ఈ ఇల్లు కట్టినప్పుడు రోడ్డు మీద నుంచి మూడు మెట్లెక్కి వరండాలోకి వచ్చేవాళ్లంట. ఇప్పుడు రోడ్డు మీద నుంచి ఒక మెట్టు దిగి ఇంట్లోకి పోవాలి. ఇల్లు కుంగలేదు, రోడ్డు లేచింది. పాతది పెళ్లగించకుండా దాని మీదే కొత్తది, మళ్లీ దాని మీదే సిమెంటుది, ప్రతిసారీ కాస్త కాస్త. రోడ్డు వేసిన ప్రతిసారీ మేమే కొబ్బరికాయ కొట్టాం, చప్పట్లు కొట్టాం, ఒకసారి మజ్జిగ కూడా పోశాం. ఎవరికైనా తట్టిందా, మన గడప మునిగే పనికి మనమే మజ్జిగ పోస్తున్నామని? ఎదురింటి వాళ్లు నిరుడు పాతిల్లు కొట్టేసి కొత్తది కట్టుకుంటూ పునాదిని నడుం ఎత్తుకి లేపారు. వాళ్ల నీళ్లు ఇప్పుడు మా ఇంటికే. రేపు మేము లేపితే మా వెనకింటికి.

ఊరు పెరిగిన తీరు కూడా ఇట్టే ఉంది. నెల్లూరు చెరువు కిందా, సర్వేపల్లి కాలువ కిందా, జాఫర్ సాహెబ్ కాలువ కిందా ఉన్న పొలాలు ఎన్ని ప్లాట్లయ్యాయో ఈ ఊళ్లో పుట్టినవాళ్లకి చెప్పక్కర్లేదు. వరి మడి అంటే పల్లం. నీళ్లు నిలవడానికే చదును చేసుకున్న భూమి అది. దాంట్లో గ్రావెల్ తోలి, రోడ్డు మట్టానికి లేపి, రాళ్లు పాతి అమ్ముతారు. మధ్యలో మడికి నీళ్లిచ్చే పిల్లకాలువ ఉంటే దాన్నీ పూడ్చేస్తారు, ఎందుకంటే పొలమే లేనప్పుడు కాలువెందుకు అని. కానీ ఆ పిల్లకాలువ నీళ్లివ్వడానికే కాదు, ఎక్కువైతే బయటికి తీసుకుపోవడానికి కూడా పనికొచ్చేది. ఈ ముక్క నాకు తెలిసింది మా వీధిలో ఉండే ఒక పెద్దాయన వల్ల. కాలువల మీద లస్కరుగా, అంటే నీళ్లూ తూములూ చూసుకునే పనిలో, చేసి రిటైరయ్యాడు, ఎనభైకి దగ్గర పడ్డాడు, చెవులు సరిగా వినపడవు. మీటింగుకి వచ్చాడు కానీ మైకులో ఏం చెప్తున్నారో అర్థంకాక కుర్చీలో కునుకు తీశాడు. అయిపోయాక ఇంటికి తీసుకుపోతా దారిలో గట్టిగా అరిచి అడిగా, తాతా, ఈ వీధిలో నీళ్లు ముందు ఎటు పోయేవి అని. ఆయన ఆగి కర్రతో చూపించాడు. "ఇక్కడ ఒక తూము, అదో అక్కడ ఇంకో తూము. ఇది ఆ టిఫిన్ సెంటర్ మెట్ల కింద ఉంది చూడు, రాయి కూడా తియ్యలా." నేను పద్దెనిమిదేళ్లుగా ఆ మెట్లెక్కి దోసె తింటున్నా.

ఈయన దగ్గర ఉన్న సంగతి తీసుకోడానికి ఆ కాగితంలో గడి లేదు.

2021 నవంబర్ చూసినవాళ్లకి నేను పెద్దగా చెప్పక్కర్లేదు. 19వ తారీఖున పైన, పెన్నలో కలిసే చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. పెన్న మీదున్న సోమశిల డ్యాం నుంచి ఐదు లక్షల క్యూసెక్కులు దాటి వదిలారు. పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది, హైవే తెగి బండ్లు ఆగిపోయాయి, భగత్‌సింగ్ కాలనీ మునిగింది. మా అక్క వాళ్లిల్లు పెన్న ఒడ్డునే, వరద ఊళ్లోకి రాకుండా వేసిన పొర్లుకట్టకి దగ్గర్లో. ఆ రాత్రి ఫోన్ చేసి "గేట్లెత్తారంట, మీకేమైనా తెలుసా" అని నన్నడిగింది. నాకేం తెలుసు, ఆమె ఒడ్డున ఉంది, నేను ఊరి మధ్యలో ఉన్నా. వాళ్లకి తెలియాల్సింది ఎన్ని క్యూసెక్కులు అని కాదు. అన్ని క్యూసెక్కులొస్తే మా వీధిలో ఎంతవరకూ వస్తాయి, మోకాలిదాకానా, కిటికీదాకానా అని. అది చెప్పగలిగేది ఎవరు? ఆ రాత్రి మిద్దె మీద కూర్చున్న వాళ్లు. అక్క వాళ్ల గోడ మీద నీళ్లు నిలిచిన గీత రెండేళ్లు అట్నే కనపడింది, తర్వాత పెళ్లిచూపులని సున్నం కొట్టించారు. ఇంటింటికీ తిరిగి ఆ గీతల ఎత్తు కొలిచి రాసుకుని ఉంటే, ఎంత ఖరీదైన మ్యాపైనా దాని ముందు నిలవదు. ఆ కాలనీల్లో తర్వాత కొలిచింది నష్టపరిహారం కోసం బియ్యం, పాత్రలు, టీవీలు. అదీ అవసరమే అనుకోండి.

దూరదృష్టి వద్దని నేను అనను. బ్యారేజీ సంగతే తీసుకుందాం. నూట యాభై ఏళ్లు దాటిన పాత ఆనకట్ట దగ్గర కొత్త పెన్నా బ్యారేజీకి 2008లో శంకుస్థాపన జరిగితే, ప్రారంభం 2022 సెప్టెంబర్ 6న. పద్నాలుగేళ్లు, ఎన్ని ప్రభుత్వాలు మారాయో లెక్కేసుకోండి. ఒక్క కట్టడానికే ఇంత పడితే, ఇరవై ఏళ్ల ముందు నుంచి ఆలోచించకుండా ఎట్టా? 1999లో, 2020 నాటికి రాష్ట్రం ఎట్టుండాలో చెప్తూ ప్రభుత్వం విజన్ 2020 అంటే నవ్వినోళ్లున్నారు, మా నాయన కూడా నవ్వాడు (2020 వచ్చింది, అందరం ఇళ్లలో కూర్చుని గిన్నెలు మోగించాం, ఆ సంగతి అందులో లేదు). 2024 డిసెంబర్ 13న విడుదలైన స్వర్ణాంధ్ర 2047 పత్రంలో రాష్ట్రాన్ని 2.4 లక్షల కోట్ల డాలర్ల ఆర్థిక వ్యవస్థ చెయ్యాలనీ, తలసరి ఆదాయం 42 వేల డాలర్లు కావాలనీ లక్ష్యం పెట్టారు. కానీయండి, మంచిదే. కృష్ణపట్నం దగ్గర పారిశ్రామిక నగరానికి 2025 జనవరి 8న ప్రధాని శంకుస్థాపన చేశారు. అవి వస్తే మా ట్యూషన్ పిల్లలకే ఉద్యోగాలు. ఆ ఉద్యోగాలకి వచ్చే బయటోళ్లు అద్దెకి దిగేది ఎక్కడ? మన దగ్గరే, ఈ గ్రావెల్ తోలిన ప్లాట్లలో. నా బాధ అంతా ఇక్కడే. డాలర్ల లెక్క ఒక కాగితంలో ఉంది, తూము లెక్క తాత బుర్రలో ఉంది. రెండోది ఎన్నాళ్లో ఉండదు.

ఇంకో మాట. మన లెక్కలన్నీ 2011వి. అప్పటికే నగరం ఐదు లక్షలు దాటింది. 2021లో జరగాల్సిన జనగణన జరగలేదు. ఎంతమంది ఉన్నారో తెలియకుండా ఎంతమందికి ఏం కావాలో రాస్తున్నాం. నా క్లాసులో ఇట్లా చేస్తే మార్కులు కట్.

చట్టంలో దారి లేదా అంటే ఉంది. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణలో, మూడు లక్షలు ఆపైన జనాభా ఉన్న మున్సిపాలిటీల్లో వార్డు కమిటీలు ఉండాలని రాశారు. మనకి 54 డివిజన్లు. మీ డివిజన్ కమిటీలో ఎవరున్నారో మీకు తెలిస్తే కింద చెప్పండి, నిజంగానే అడుగుతున్నా. మాస్టర్ ప్లాన్‌కైతే డ్రాఫ్టు పెట్టి అభ్యంతరాలు పిలుస్తారు. అది చూసినవాళ్లకి తెలుసు, మ్యాపు నిండా సర్వే నంబర్లు, పసుపు రంగు అంటే ఇళ్లు, పచ్చరంగు అంటే పార్కులు. మా ఇడ్లీ అక్కకి ఆమె బండి నిలబెట్టే చోటు సర్వే నంబరు తెలుసా? నాకే మా ఇంటి నంబరు దస్తావేజు తీస్తే గానీ గుర్తురాదు. పొలాలు కొనేవాళ్లు మాత్రం ఆ మ్యాపుని భగవద్గీతలా చదువుతారు.

మనకి రొట్టెల పండగ ఉంది కదా. ఏటా మొహర్రం అప్పుడు స్వర్ణాల చెరువులో దిగి, ఉద్యోగం రొట్టె, ఇల్లు రొట్టె, పెళ్లి రొట్టె అని అడిగి తీసుకుంటాం. అందులో నాకు నచ్చేది అడగడం కాదు. కోరిక తీరినవాళ్లు మళ్లీ ఏడు అదే చెరువుకొచ్చి రొట్టె తిరిగి ఇవ్వాలి. ఆ మీటింగుకి అట్లా తిరిగొచ్చే ఏర్పాటు లేదు. మా కాగితాలు ఎటు పోతాయి, డ్రైనేజీకి ఎంతమంది ఒకటి వేశారు, దాని వల్ల ప్లానులో ఏ ముక్క మారింది, ఎవరొచ్చి చెప్తారు? అడిగితే "అప్‌లోడ్ చేస్తాం మేడమ్" అన్నారు. ఫోటో దిగాం.

సాయంత్రం పిల్లలకి లెక్కలు పక్కన పెట్టి, 2047లో మీ వీధి గురించి నాలుగు లైన్లు రాయండి అన్నా. ఒకడు మెట్రో రైలు రాశాడు, ఒకమ్మాయి కుక్కలు వెంటపడకుండా ఉండాలని రాసింది. ఏడో తరగతి పిల్లోడు రాసింది చూసి నవ్వొచ్చింది, తర్వాత రాలేదు. "వాన వస్తే అండర్ బ్రిడ్జిలో నీళ్లు ఉండకూడదు, మా నాన్న ఆటో ఆగిపోతుంది, ఆ రోజు డబ్బులు రావు." రైలు లైను ఊరిని రెండుగా కోసింది. మాగుంట లేఅవుట్ దగ్గరా, రామలింగాపురం దగ్గరా ఆ కింది దారులు నిండితే ఇవతలోళ్లు ఇవతలే, అవతలోళ్లు అవతలే. కాగితంలో అది రోడ్ల కిందికొస్తుందా, డ్రైనేజీ కిందికొస్తుందా, ఉపాధి కిందికొస్తుందా? పెద్దమ్మ అన్నిటికీ ఒకటి వేసింది ఇందుకే.

మర్నాడు తాతని కూర్చోబెట్టి, ఆయన చెప్తుంటే నా కాగితం వెనక వైపు మా వీధి గీశా. తూములు రెండూ పెట్టా, పూడిపోయిన పిల్లకాలువ చుక్కల గీతతో వేశా, ఏ ఇంటి దగ్గర ఎంత నీళ్లు నిలుస్తాయో అంగుళాల్లో రాశా. తీసుకుపోయి ఇస్తే అక్కడి అబ్బాయి మర్యాదగానే చూసి, "వెనక వైపు స్కాన్ అవ్వదు మేడమ్, ముందు వైపే" అన్నాడు. అతని తప్పేం లేదు. రెండు జిరాక్స్ తీయించి ఒకటి అతనికే ఇచ్చి వచ్చా, ఒకటి నా దగ్గర ఉంది.

పొర్లుకట్ట వైపు ఉండేవాళ్లు, మీ గోడల మీద 2021 గీత ఇంకా మిగిలి ఉంటే, సున్నం కొట్టించే ముందు ఒక టేపు పెట్టి ఫోటో తీయండి. నాకు పంపండి, వీధి పేరు రాస్తే చాలు, ఇంటి నంబరు వద్దు.