నొప్పి రాని హార్ట్ ఎటాక్

మా నాన్నకి షుగర్ వచ్చి 16 ఏళ్లు. పొద్దున్నే వేలు గుచ్చుకుని, మిషన్‌లో వచ్చిన అంకెని వంటింటి గోడ క్యాలెండర్‌లో ఆ రోజు గడిలో రాసుకుంటారు. 118, 126, ముందురోజు పెళ్లి భోజనం ఉంటే 190, దాని పక్కనే చిన్న అక్షరాలతో "లడ్డు". ఆ అంకె బాగుంటే ఆయన బాగున్నట్టే అనుకున్నాం అందరం.

పోయినేడాది ఒక సాయంత్రం పాలప్యాకెట్లు తెచ్చి, మెట్లెక్కి, ఆయాసంతో కూలబడ్డారు, బనియన్ పిండితే నీళ్లు కారేంత చెమట. అమ్మ లో-షుగరేమో అని పంచదార నీళ్లు కలపబోయి చూస్తే 150 ఉంది. అయితే గ్యాసే అని సోడా తాగించారు (మన ఇళ్లలో గుండెకి మొదటి వైద్యం సోడానే కదా). ఛాతీలో నొప్పుందా అని ఫోన్లో పదిసార్లు అడిగాను, లేదంటే లేదన్నారు. మర్నాడు ఈసీజీ చూసి డాక్టర్ గారు "మొదటి ఎటాక్ ఎప్పుడొచ్చింది?" అన్నారు. మొదటిదేంటి? నిన్నటిది కాక పాత మచ్చ ఇంకోటి ఉందట!

షుగర్‌తో నరాలు దెబ్బతిని అరికాళ్లు మొద్దుబారతాయని మనకి తెలుసు. గుండె నరాలకీ అదే గతి పడుతుంది, ఇక నొప్పి ఎక్కడ తెలుస్తుంది? ఆయాసం, చెమట, వికారం, ఉన్నట్టుండి నీరసం, అంతే. రక్తనాళాల్లో కొవ్వు మాత్రం తన పని తాను చేసుకుపోతుంది. 1998లో ఫిన్లాండ్ వాళ్ల లెక్క ఒకటి వచ్చింది: అప్పటిదాకా గుండెపోటు రాని షుగర్ వాళ్లలో 7 ఏళ్లలో నూటికి 20 మందికి అది వచ్చింది, ఒకసారి వచ్చి షుగర్ లేనివాళ్లలో మళ్లీ వచ్చిందీ ఇంచుమించు అంతమందికే. అందరికీ అంత ముప్పు ఉండదని తర్వాతి అధ్యయనాలు కాస్త తగ్గించి చెప్పాయి లెండి. ఆడవాళ్లకి ముట్లు ఆగేదాకా ఉండే రక్షణ కూడా షుగర్ ఉంటే చాలావరకు పోతుంది, అందుకే ఆ వారమే అమ్మకీ పరీక్షలు చేయించాను.

నాకు కోపమంతా ఎక్కడంటే, కొలెస్ట్రాల్ బిళ్ల రాసిచ్చినా, వేసుకుంటే ఒళ్లునొప్పులొస్తాయని ఎవరో అన్నారని నాన్న రెండేళ్ల కిందటే మానేశారు. బీపీ 150 వస్తే "ఆస్పత్రికొస్తే టెన్షన్ కదరా" అనేవారు. మేమూ తలూపాం.

ఇప్పుడు రెండు స్టెంట్లు. బిళ్లలు వేళకి వేసుకుంటున్నారు, క్యాలెండర్ గడిలో షుగర్ కింద బీపీ కూడా రాస్తున్నారు. మొన్న ఊరెళ్లి పాత పేజీలు తిరగేశా, మే నెలంతా గళ్లు ఖాళీ. అడిగితే "బంగినపల్లి బాగా కాసిందిరా ఈ ఏడు" అన్నారు.