లక్క ముద్ర వేసిన ఉత్తరం

పాలమూరులో నిన్న రాత్రి వాన వెలిశాక ఆ ఉత్తరాన్ని మళ్లీ బయటకు తీశాను. మద్రాసు సైన్యంలోని ఒక కెప్టెన్ 1839లో సికింద్రాబాదులో ఉన్న తమ్ముడికి రాసింది. కవరు లేదు. కాగితాన్నే మడిచి, వెనుక చిరునామా రాసి, లక్కతో ముద్ర వేశాడు. తపాలా ఖర్చు బరువునూ దూరాన్నీ బట్టి ఉండే కాలం! అందుకే పేజీ నిండగానే కాగితాన్ని అడ్డంగా తిప్పి, రాసిన వరుసల మీదే మళ్లీ రాశాడు. ఒక్క పేజీ చదవడానికి నాకు మూడు సాయంత్రాలు పట్టింది. మాచికాయ సిరా గోధుమ రంగుకు తిరిగి, కలం గట్టిగా ఒత్తిన చోటల్లా కాగితాన్ని తినేసింది. అది చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

పదకొండేళ్లుగా ఇలాంటివే పోగుచేస్తున్నాను. సి.పి. బ్రౌన్ చేతిరాత ఒక్కటైనా నా దగ్గర ఉండాలని ఆశ. పండితులను కూర్చోబెట్టి మన కావ్యాలకు ప్రతులు రాయించిన మనిషి ఆయన. ఇక సైనికుడైన లాంబ్టన్ లేఖ దొరికితే అంతకన్నా ఏం కావాలి! 1802లో ఆయన మొదలుపెట్టిన, భూమిని కొలిచే సర్వే, 78వ రేఖాంశం వెంట మా ప్రాంతం మీదుగానే ఉత్తర దిశగా సాగింది.

కెప్టెన్ ఉత్తరంలో చివరి అడ్డవరుసలోని ఒక మాట ఇంకా తేలలేదు. ఈ సాయంత్రం కూడా భూతద్దం పట్టుకుని దాని ముందే కూర్చున్నాను.